వరద శిబిరంలో కరెంటు లేకుండా కాన్పు మందులు నిల్వ చేయడమెలా?

వరదలొచ్చినా, వడగాడ్పులొచ్చినా కాన్పులు ఆగవు, కరెంటు మాత్రం పోతుంది. కాన్పయ్యాక అధిక రక్తస్రావం కాకుండా ఇచ్చే ఆక్సిటోసిన్ 2–8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. వేడికి దాని శక్తి తగ్గిపోతుంది. చూడటానికి మాత్రం మామూలుగానే ఉంటుంది, అసలు ప్రమాదం అదే. ఐస్ ప్యాక్ నేరుగా తగిలితే గడ్డకడుతుంది. వేడిని తట్టుకునే కార్బెటోసిన్ (100 మైక్రోగ్రాములు) 30 డిగ్రీల వరకు నిలుస్తుంది, కానీ ఈ మందు రక్తస్రావం రాకుండా నివారించడానికే, వచ్చాక ఆపడానికి కాదు. రక్తస్రావానికే వాడే మిసోప్రోస్టాల్ మాత్రలకు తేమ పడదు, స్ట్రిప్పు చిరిగితే పనికిరావు.

శిబిరాల్లో పనిచేసిన నర్సులు, ఫార్మసిస్టులు దయచేసి చెప్పండి: 48 గంటలు కరెంటు లేకపోతే కోల్డ్ బాక్సులో ఎన్ని ప్యాకులు పెట్టాలి, ఎప్పుడు మార్చాలి? పెట్టె లోపలి ఉష్ణోగ్రతను ఎలా నమోదు చేస్తున్నారు? గర్భనిరోధక ఇంజెక్షన్లు, కాండోములు ఎండ తగలకుండా ఎక్కడ ఉంచుతున్నారు? సహాయక సామగ్రి జాబితాలో వీటికి చోటు దక్కించడానికి అధికారులను ఎలా ఒప్పించారు?