నీలినీడలు: పత్రికల్లో ఒకటి, మోనే బొమ్మలో ఒకటి

ప్రశ్న: చిత్రకళ మీద వ్యాసం రాస్తున్నాను. తెల్ల గౌను మీది నీడలను 'నీలినీడలు' అన్నాను. చదివేవారు అపశకునం అనుకుంటారు, మార్చమని మిత్రులొకరు అన్నారు. మీరేమంటారు?

జవాబు: మార్చకండి. 'పథకంపై నీలినీడలు', 'భవిష్యత్తుపై నీలినీడలు' అన్న శీర్షికలు చదివీ చదివీ, ఆ మాటకు అనుమానం, ఆందోళన తప్ప వేరే అర్థం లేనట్టు అయిపోయింది. మన నీలానికి నలుపు దగ్గరి చుట్టం. నీలవేణి జడ నల్లనిది, మొక్కు తీర్చుకుని ఇచ్చే తలనీలాలూ నల్లనివే. పత్రికల నీలినీడలో ఉన్నది ఆ నలుపేనని నా అభిప్రాయం. మీ వ్యాసానికి కావలసింది అచ్చమైన నీలం.

ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే 1875లో భార్య కమీల్‌నూ కొడుకునూ గీసిన చిత్రం చూడండి. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడి ఆమె కిందికి చూస్తూ ఉంటుంది. ఎండ వెనకనుంచి వస్తోంది కాబట్టి గౌనులో మనవైపు భాగం చాలావరకు నీడలోనే ఉంది. అయినా ఆ తెలుపును మసి పూసి చీకటి చేయలేదు మోనే. ఎండ నేరుగా తగలని చోటికి ఆకాశపు వెలుగు వచ్చి చేరుతుంది, అందుకే అక్కడ నీలం వేశాడు. చేతి దగ్గర పసుపు కనిపిస్తుంది. అది కింది గడ్డిపూల రంగు, పైకి ఎగసి బట్టకు అంటుకుంది! ముఖం ముందు మేలిముసుగును నాలుగు కుంచె విసుర్లతో తేల్చేశాడు. కళ్లూ ముక్కూ శ్రద్ధగా దిద్దలేదు, కానీ గాలి ఎటు వీస్తోందో తెలిసిపోతుంది. నాకు ఈ చిత్రంలో అన్నిటికంటే ఇష్టమైనది ఆ ముసుగే.

మరో సభ్యురాలు: బాగా చెప్పారండీ. అయితే దీన్ని 'ముఖచిత్రం' అనవచ్చా?

జవాబు: వద్దండీ, పుస్తకం అట్ట మీది బొమ్మ అనుకుంటారు. 'రూపచిత్రం' మేలు. ఇక నీలినీడల సంగతి: పత్రికల్లో ఆ మాటకు ముందు ఎప్పుడూ పథకమో, ఒప్పందమో, భవిష్యత్తో ఉంటుంది. మీరు 'గౌను మడతల్లో నీలినీడలు' అని రాయండి. మడతలు కంటికి కనిపించేవి, ఎవరూ పొరబడరు.