నాయకురాలు నాగమ్మను కథానాయికగా పెట్టి నవల: ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తకలం: పల్నాటి యుద్ధం మీద నవల రాస్తున్నా. నాగమ్మే నాయిక. ఆమెను రాక్షసిని చేయడం ఇష్టం లేదు, సాధ్విని చేస్తే పస ఉండదు. కోడిపందెంతో మొదలుపెట్టనా?

పాతపుటలు: వద్దు. నలగామరాజెవరో మలిదేవుడెవరో తెలియకుండా పందెంలో ఏం పోతోందో పాఠకుడికి పట్టదు. ముందు ఇంటిగొడవ రాయండి: అనుగురాజు కొడుకులు, వేర్వేరు తల్లులు, నలగామరాజుకు గురజాల, మలిదేవుడికి మాచర్ల. మాచర్ల వైపు మంత్రి బ్రహ్మనాయుడు, గురజాల వైపు మంత్రి నాగమ్మ. ఇది కుదురుకున్నాక పందెం పెడితే, ఓడినవాళ్లు ఏడేళ్లు వలసపోవాలన్న షరతు గుచ్చుకుంటుంది.

అసలు కీలకం అలరాజు చావు. వలస గడువు తీరాక, ఓడిన మాచర్లవాళ్ల తరఫున రాజ్యభాగం అడగడానికి రాయబారిగా వచ్చినవాడు, నలగామరాజుకు సొంత అల్లుడు. విషంతో పోతాడు, భార్య పేరిందేవి సహగమనం చేస్తుంది. నింద నాగమ్మ మీద పడింది. చాలామంది ఇక్కడే చెడగొడతారు: విషం ఇంకెవరో పెట్టారని తేల్చేసి ఆమెను కడిగేస్తారు. ఆమెకు ముందే తెలుసు, ఆపగలిగీ ఆపలేదు అని రాయండి. రాజ్యభాగం తిరిగిస్తే గురజాలలో తన మాట సాగదు, అది చాలు కారణం. మర్నాడు కూతురి చితి దగ్గర్నుంచి వచ్చిన రాజు "అమ్మాయి నగలపెట్టె ఏం చేద్దాం?" అంటే, ఆమె కోట కాపలా సంగతి ఎత్తాలి. సంజాయిషీ ఒక్క ముక్క వద్దు.

జొన్నసంకటి: కాలం 12వ శతాబ్దం. పల్నాడనగానే మిరపచేను పెట్టేస్తారు! మిరప, పొగాకు, వేరుశనగ, టమాటా పోర్చుగీసువాళ్లు వచ్చాకే మనకు తెలిశాయి. కారానికి మిరియాలు వాడించండి, చుట్ట బదులు తాంబూలం. "అరగంటలో" అని నోరు జారకండి. గడియంటే 24 నిమిషాలు, జాము 3 గంటలు.

ద్విపదప్రియ: శ్రీనాథుడి ద్విపద కావ్యం 'పల్నాటి వీరచరిత్ర' యుద్ధం తర్వాత రెండు శతాబ్దాలు దాటాక వచ్చింది, బ్రహ్మనాయుడి పక్షం వీరులనే కీర్తిస్తుంది. అంటే నాగమ్మను మనం ఎప్పుడూ శత్రువుల కళ్లతోనే చూశాం. అలాగని నేటి స్త్రీవాదిని చేసెయ్యకండి. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూచోబెట్టి చాపకూడు తినిపించాడంటారు, అతని దళంలో మాల కన్నమదాసు ఉన్నాడు. ఆ పంక్తిని చూసి ఆమె ఏమనుకుందో రాయకుండా తప్పించుకుంటే నాయిక తేలిపోతుంది. వీలైతే కార్తీక అమావాస్యకు కారెంపూడి వెళ్లి, పల్నాటి వీరుల కథ పాడే వీరవిద్యావంతుల పాట వినండి. అక్కడి వీరుల ఉత్సవం ఐదు రోజులు, రాయబారం ఘట్టానికి విడిగా ఒక రోజుంది, మీకు కావలసింది అదే.

కొత్తకలం: కథ ఆమె నోటే చెప్పిస్తే?

పాతపుటలు: "నేను" అనగానే ప్రతి పేజీ వకాల్తా అయిపోతుంది. పేరిందేవి చనిపోయేదాకా పేరిందేవి వైపు నుంచే, ఆ తర్వాత అంతఃపురం దాసి వైపు నుంచి చూపించండి. నాగమ్మ మనసులోకి ఒకే ఒక్కసారి వెళ్లండి, అదీ విషం సంగతి తెలిసిన రాత్రి.