పుట్టతేనె పెట్టె ఖాళీ అయిపోయింది. మళ్లీ వాటినే పెట్టాలా, ఇటాలియన్‌కి మారాలా?

కడియం కుర్రాడు
అందరికీ నమస్కారం. మిద్దె మీద న్యూటన్ పెట్టెలో పుట్టతేనెటీగలు పెంచుతున్నాను. వానలు మొదలయ్యాక ఒక ఉదయం మూత తీస్తే పెట్టె ఖాళీ. చచ్చిన ఈగలు లేవు, తేనె చుక్క లేదు. పట్ల నిండా బూజులాంటి గూడు, సన్న పురుగులు. నా సందేహాలు ఇవి: ఎందుకు పోయాయి? ఈసారి ఇటాలియన్ ఈగలు తేవాలా? పక్కింటి వాళ్లు కుడతాయని గొడవ చేస్తున్నారు, మిద్దె మీద పెట్టొచ్చా? మిగిలిన పట్లు కొత్త ఈగలకి పనికొస్తాయా?

పాడేరు కొండగాలి
మైనపు పురుగు వల్ల పోలేదు తమ్ముడూ. ఈగలు తగ్గాకే ఆ పురుగు దూరింది. బలంగా ఉన్న పెట్టెలో కూలి ఈగలే దాన్ని లాగి బయట పడేస్తాయి. నీ ఈగలు తిండి లేక వెళ్లాయి. వానల్లో మాకూ పూత ఉండదు, వలిసెలు విచ్చేది చలి మొదలయ్యాకే. పై అర, అంటే సూపర్‌లో తేనె మనది, కింద పిల్లల గదిలోది వాటిది. అది కూడా పిండేసి ఉంటావు. ఇక చక్కెర నీళ్లు పెట్టమని ఎవరైనా వస్తారు చూడు, వాళ్ల మాట వినకు. చక్కెర తాగించి తీసేది తేనె కాదు, పానకం.

సంచార పెట్టెలు
ఎవరైనా అంటే నేనేగా? చెప్తా వినండి. పూత లేని రోజుల్లో చక్కెర, నీళ్లు సమానంగా కలిపి పెడతాం. అదీ సూపర్ దించేశాక, సాయంత్రం పూట, పెట్టె లోపల. బయట పెడితే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి, తెల్లారేసరికి బలహీనమైన పెట్టె ఖతం. పూత మొదలవగానే ఆపేస్తాం. ఆ చక్కెర ఈగల కడుపులోకి పోతుంది, సీసాలోకి కాదు. ఈ కుర్రాడు నాలుగు గిన్నెల పాకం పెట్టి ఉంటే ఇవాళ ఈ ప్రశ్న వచ్చేది కాదు.

పాడేరు కొండగాలి
సూపర్ దించేది ఎవరన్నా? వందల పెట్టెలు లారీలో వేసుకుని పొద్దుతిరుగుడుకి ఒక ఊరు, రబ్బరుకి కేరళ తిరిగేవాళ్లు ప్రతి పెట్టెకీ సూపర్ దించి, పాకం పెట్టి, మళ్లీ ఎక్కిస్తారా? నేను నమ్మను.

సంచార పెట్టెలు
నమ్మకపోతే ఒకసారి వచ్చి లారీ ఎక్కు. రాత్రి గేట్లు మూసి, తెల్లారేలోపు దించాలి. ఎండెక్కితే లోపల ఉడికి చస్తాయి. ఈ పని చేసినవాడికి తెలుస్తుంది టెన్షన్ అంటే ఏంటో. చెట్టు తొర్రలో చెయ్యి పెట్టి రెండు పట్లు కోసుకొచ్చి శుద్ధి గురించి పాఠాలు చెప్పడం తేలికే.

మిద్దెతోట విజయ
చక్కెర మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. పొద్దుతిరుగుడు చేల దగ్గర కొన్న తేనె సీసాలో తెల్లగా గడ్డకట్టింది. మా ఆడపడుచు కల్తీ అని తేల్చేసింది. నీళ్ల గ్లాసులో వేస్తే మాత్రం అడుక్కి దిగింది. ఏది నమ్మాలి?

సంచార పెట్టెలు
మేడమ్, రెండూ నమ్మకండి. పొద్దుతిరుగుడు, ఆవ తేనెల్లో గ్లూకోజు ఎక్కువ, కొన్ని వారాల్లోనే గడ్డకడతాయి. చక్కగా కాచిన చక్కెర పాకం కూడా గ్లాసులో అడుక్కే దిగుతుంది. గోరువెచ్చని నీళ్లలో సీసా పెడితే కరుగుతుంది. స్టవ్ మీద పెట్టి మరిగించకండి. కల్తీ తేల్చేది ల్యాబు, గ్లాసు కాదు.

తేనె మాస్టారు
ఇప్పుడే చూశాను. మీరంతా అసలు విషయం వదిలేశారు. ఈ రంగంలో నాకు ముప్పై ఏళ్లకు పైబడిన అనుభవం, పుణేలో కేంద్ర సంస్థలో శిక్షణ పొందినవాణ్ణి. కుర్రాడు ద్వారానికి క్వీన్ గేటు, అంటే కూలి ఈగలు దూరి రాణి దూరలేని సన్న సందుల గేటు, బిగించి ఉంటే రాణి బయటికి వెళ్లేది కాదు. రాణి వెళ్లకపోతే ఈగలూ వెళ్లవు. కొత్తవాళ్లు ముందు జీవశాస్త్రం నేర్చుకోవాలి. గుడ్డు పెట్టిన నాటి నుంచి రాణి 16 రోజులకి, కూలి ఈగ 21 రోజులకి, పోతుటీగ 24 రోజులకి బయటికి వస్తాయి. ఈ లెక్క తెలిస్తే పెట్టెలో ఎప్పుడు ఏం జరిగిందో ఇట్టే చెప్పొచ్చు.

పాడేరు కొండగాలి
మాస్టారూ, 21 ఇటాలియన్ లెక్క. మన పుట్ట ఈగల్లో కూలి ఈగ 19, 20 రోజులకే వచ్చేస్తుంది. ఇక క్వీన్ గేటు మాటా? ఆకలితో ఉన్న ఇంటికి బయట తాళం వేసినట్టు! కొత్తగా పట్టి పెట్టెలో వేసినప్పుడు కొన్నాళ్లు బిగించాలి, పిల్లలు పెరగడం చూశాక తీసెయ్యాలి. అలాగే వదిలేస్తే పోతుటీగలు గేటుకి అడ్డం పడి చస్తాయి. కొత్త రాణి పుడితే జత కోసం గాల్లోకి ఎగరలేదు. జత కట్టని రాణి పెట్టే గుడ్లన్నీ పోతుటీగలే అవుతాయి. ఇక ఆ పెట్టె ఎన్నాళ్లుంటుంది?

తేనె మాస్టారు
బాబూ, నేను పెట్టెలు తెరిచే నాటికి నువ్వు పుట్టి ఉండవు. 1990ల మొదట్లో థాయ్ శాక్ బ్రూడ్ రోగం వచ్చి దక్షిణాదిలో పుట్ట ఈగల పెట్టెలు వరసగా ఖాళీ అయిపోతుంటే కళ్లారా చూసినవాళ్లం. పిల్లపురుగు సంచిలో నీళ్లు నింపినట్టు అయి, తల పైకెత్తి చచ్చేది. అప్పుడే చాలామంది ఇటాలియన్‌కి మారారు. ఆ రోగం దాన్ని అంతగా పట్టదు. అందుకే చెప్తున్నా, అబ్బాయీ, ఇటాలియన్ తీసుకో. 1960ల్లో హిమాచల్‌లోని నగ్రోటాలో నిలదొక్కుకున్న జాతి, ఇప్పుడు దేశమంతా ఉంది.

న్యూజెర్సీ తేనెటీగ
హాయ్ అండి, ఇక్కడ ఇంటి వెనకాల రెండు లాంగ్‌స్ట్రాత్ పెట్టెలు ఉన్నాయి. వరోవా పేనుకి ఆక్సాలిక్ యాసిడ్ పట్టించారా? మేము చలికాలం ముందు తప్పకుండా చేస్తాం. లేకపోతే మంచులో ముద్దకట్టి ఉన్న ఈగలు వసంతం దాకా నిలవవు. పెట్టె చుట్టూ ఇన్సులేషన్ కూడా చుట్టండి.

సంచార పెట్టెలు
గోదావరి జిల్లాలో ఇన్సులేషనా 😂 అన్నా, ఇక్కడ పెట్టెకి నీడ దొరకడమే గగనం. మే నెలలో తడి గోనె పట్టా కప్పుతాం.

పాడేరు కొండగాలి
వరోవా పుట్టింది పుట్ట ఈగల మీదే. అది ఎక్కువగా పోతుటీగల గదుల్లోనే పెరుగుతుంది. ఈగలు ఒకదాన్నొకటి గీక్కుని దులిపేస్తాయి కూడా. ఇటాలియన్‌కి ఆ అలవాటు తక్కువ, అందుకే మందులు. మాస్టారు ఈ సంగతి చెప్పలేదేం?

తేనె మాస్టారు
అడిగిన దానికి చెప్తాను. మర్యాద తెలియని వాళ్లతో చర్చ అనవసరం.

అడ్మిన్
ఇద్దరూ ఆపండి. వయసు, జిల్లా, లారీ ఈ చర్చలోకి రాకూడదు. వ్యక్తిగత మాటలున్న రెండు పోస్టులు తీసేశాను.

కడియం కుర్రాడు
పిల్లపురుగులు చచ్చినట్టు ఏమీ కనబడలేదు మాస్టారూ. తేనె తీసిన మాట నిజమే గానీ సూపర్‌లోదే తీశాను. మా చుట్టూ అన్నీ నర్సరీలే, మందు కొడుతూనే ఉంటారు. దాని వల్ల కావచ్చా? పక్కింటి సంగతి, పట్ల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

మిద్దెతోట విజయ
మందు వల్ల అయితే పెట్టె ముందు చచ్చిన ఈగలు గుట్టగా పడతాయి బాబూ, మా ఊళ్లో మిరప తోటల పక్కన చూశాను. నీకు అలా లేవన్నావు. అయినా నర్సరీ వాళ్లతో మాట్లాడి, ఈగలు గూటికి చేరాక పొద్దుపోయి కొట్టమను. పక్కింటి వాళ్ల కోసం పెట్టె ద్వారం వాళ్ల వైపు కాకుండా తిప్పి, ముందు ఎత్తుగా పందిరో పచ్చ వలో కట్టు. ఈగలు పైకి ఎగిరి వెళ్తాయి, మనుషులకి తగలవు. నీళ్ల తొట్టి మన మిద్దె మీదే పెట్టు, లేకపోతే వాళ్ల కుళాయి దగ్గరికి పోతాయి. అరటిపండు తిని పెట్టె దగ్గరికి వెళ్లకు, కోపంతో ఉన్న ఈగ వదిలే వాసన అదే. ఎవరినైనా కుడితే ముల్లు వెంటనే గోకి తీసెయ్యి. ఊపిరి ఆడకపోతే మాత్రం ఆస్పత్రికి పరుగెత్తాలి.

పాడేరు కొండగాలి
పురుగు పట్టిన పట్లు వాడకు, మైనం కరిగించెయ్. చట్రాలు కడిగి ఎండలో పెట్టు. స్టాండు కాళ్లకి నీళ్ల గిన్నెలు ఉన్నాయా? చీమలు ఎక్కినా పెట్టె వదిలేస్తాయి. నీకు కొబ్బరి తోటలు దగ్గరే కదా, పుప్పొడికి ఏడాదంతా లోటు లేదు. పుట్ట ఈగలే పెట్టు. వాన తగ్గాక, పూత వచ్చే ముందు. ఇటాలియన్‌కి మకరందం చాలకపోతే ఏం చెయ్యాలో పైన లారీ అన్న చెప్పాడు.

సంచార పెట్టెలు
చివరికి చక్కెర దగ్గరికే వచ్చావుగా.

పాడేరు కొండగాలి
రాలేదు. నీ మాట నీకు చెప్పాను.

ఏలూరు నుంచి
కుర్రాడు గారూ, ఆ ఖాళీ పెట్టె అమ్మే ఉద్దేశం ఉందా? పురుగు పట్టినా ఫర్వాలేదు. ఎన్ని ఫ్రేములది, ధర ఎంతో చెప్పండి.

కడియం కుర్రాడు
ఏడు ఫ్రేములదండి. అమ్మను, మళ్లీ ఈగల్నే పెడతాను. స్టాండు కాళ్ల కింద గిన్నెలు ఇందాకే పెట్టాను.