ఎలాక్ డెబ్యూ బి6.2 స్పీకర్లకు తక్కువ ఖర్చులో నప్పే స్టీరియో యాంప్లిఫయర్ ఏది?

ప్రశ్న: సికింద్రాబాద్ శ్రోత

అందరికీ నమస్కారం. తెలిసినవారొకరు ఊరు మారుతూ తమ ఎలాక్ డెబ్యూ 2.0 బి6.2 స్పీకర్ల జతను నాకు అమ్మారు. వాటి వివరాల్లో ఇంపిడెన్స్ (కరెంటుకు స్పీకరు ఇచ్చే నిరోధం) 6 ఓమ్‌లు, సెన్సిటివిటీ 87 డెసిబెల్‌లు, గరిష్ఠ శక్తి 120 వాట్లు అని ఉంది. వీటికి తగిన యాంప్లిఫయర్ కొనాలి, కానీ 40 వేల రూపాయలకు మించి పెట్టలేను. మా హాలు 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉంటుంది. కూర్చునే చోటు స్పీకర్లకు దాదాపు 9 అడుగుల దూరంలో ఉంది. ఎక్కువగా వినేవి కర్ణాటక సంగీత కచేరీలు, ఘంటసాల గారి కాలంనాటి పాటలు. టీవీ, ఫోను, నాన్నగారి రికార్డ్ ప్లేయర్ మూడింటినీ దీనికే కలపాలి.

దుకాణదారు ఒకరు 120 వాట్ల స్పీకరుకు 120 వాట్ల యాంప్లిఫయర్ తప్పనిసరి అన్నారు. ఒక మిత్రుడు అరచేతిలో పట్టే చిప్ యాంప్లిఫయర్ చాలంటున్నాడు. నేను మాత్రం డెనాన్ పీఎంఏ-600ఎన్ఈ, యమహా ఏ-ఎస్201 మధ్య ఊగిసలాడుతున్నాను. దసరాకు డల్లాస్ నుంచి మా బావగారు వస్తున్నారు కాబట్టి అక్కడినుంచి తెప్పించుకునే వీలు కూడా ఉంది. పెద్దలు సలహా ఇవ్వగలరు.

జవాబు: టంకం కడ్డీ

మీ దుకాణదారు చెప్పిన లెక్కను పక్కన పెట్టండి. స్పీకరు మీద రాసిన 120 వాట్లు అది తట్టుకోగల హద్దు మాత్రమే, దానికి రోజూ అందించాల్సిన మేత కాదు. మీకు పనికొచ్చే అంకె 87 డెసిబెల్‌లు. స్పీకరుకు 2.83 వోల్టులు ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే వచ్చే శబ్దం అది. 8 ఓమ్‌ల స్పీకరుకు ఆ వోల్టేజి సరిగ్గా 1 వాటు అవుతుంది, మీ 6 ఓమ్‌ల స్పీకరుకు 1.33 వాట్లు. తొమ్మిది అడుగుల దూరంలో కూర్చుంటే కొంత తగ్గుతుంది, రెండు స్పీకర్లు కలిసి మోగడం వల్ల, గోడల ప్రతిధ్వని వల్ల కొంత తిరిగి వస్తుంది. ఇవన్నీ కలిపి చూస్తే మీ కుర్చీ దగ్గర ఆ కాస్త శక్తికే 83 డెసిబెల్‌ల ప్రాంతంలో వినిపిస్తుంది. ఇంట్లో హాయిగా వినే స్థాయి సగటున 75 ఉంటే ఎక్కువ, అంటే యాంప్లిఫయర్ నుంచి వెళ్లేది పావు వాటు కూడా ఉండదు.

అయితే సగటుతో సరిపోదు. తని ఆవర్తనంలో మృదంగం ఎడమవైపు పడే ఒక్క దెబ్బ, సగటు స్థాయికి 15 నుంచి 20 డెసిబెల్‌లు పైకి లేస్తుంది. ప్రతి 10 డెసిబెల్‌లకూ శక్తి పది రెట్లు కావాలి కాబట్టి ఆ క్షణంలో మీ పావు వాటు ఇరవై వాట్లు దాటుతుంది. ఆ ఇరవైని వక్రీకరణ లేకుండా ఇవ్వగలిగి, దానికి రెట్టింపు చేతిలో ఉంచుకునే యాంప్లిఫయర్ చాలు. డెనాన్ 600ఎన్ఈ 8 ఓమ్‌ల వద్ద 45 వాట్లు, 4 ఓమ్‌ల వద్ద 70 వాట్లు ఇస్తుంది. మీ 6 ఓమ్‌లు ఆ రెంటి మధ్యన పడతాయి. ఇంపిడెన్స్ తగ్గినప్పుడు శక్తి ఇలా పెరగడాన్ని నేను యమహా చెప్పే 100 వాట్ల అంకె కంటే ఎక్కువగా నమ్ముతాను, ఎందుకంటే విద్యుత్ సరఫరా భాగం కరెంటు అందించగలదని అది చెబుతుంది.

యమహా 8 ఓమ్‌ల వద్ద 100 వాట్లు ఇస్తుంది, రికార్డ్ ప్లేయరుకు ఫోనో ఇన్‌పుట్ కూడా ఉంది. కాకపోతే దానికి డిజిటల్ ఇన్‌పుట్ లేదు కాబట్టి టీవీకి విడిగా ఒక డాక్ (డిజిటల్ సంకేతాన్ని అనలాగ్‌గా మార్చే పెట్టె) కొనాల్సి ఉంటుంది. 45కీ 100కీ మధ్య తేడా చెవికి మూడున్నర డెసిబెల్‌లే. ఏది కొన్నా, వెనుక స్పీకరు టెర్మినళ్ల పక్కన ముద్రించిన కనిష్ఠ ఓమ్‌లను స్వయంగా చదవండి. చవక నమూనాల్లో కొన్నింటికి 8 ఓమ్‌ల కంటే తక్కువ స్పీకర్లు తగిలించవద్దని రాసి ఉంటుంది.

ఇంకొక మాట: నాన్నగారి ప్లేయరుది ఏ రకం కార్ట్‌రిడ్జి (సూది కదలికను సంకేతంగా మార్చే భాగం)? పాత ప్లేయర్లలో చాలావాటికి సిరామిక్ కార్ట్‌రిడ్జి ఉండేది. దాని సంకేతం బలమైనది కాబట్టి మామూలు ఆక్స్ ఇన్‌పుట్‌కే కలుపుతారు. మూవింగ్ మాగ్నెట్ అయితే వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే కనుక ఫోనో విభాగం తప్పనిసరి.

జవాబు: హన్మకొండ వాసి

పై వివరణ బాగుంది కానీ చిన్న చిప్ యాంప్లిఫయర్లను ఇంత తేలికగా వదిలేయడం న్యాయం కాదు. నేను టీపీఏ3116 చిప్ ఉన్న పెట్టెతోనే రోజూ వింటున్నాను, నా పడకగదికి అది సరిపోతోంది. మిగిలే డబ్బుతో విడిగా ఫోనో ప్రీఆంప్ కొనుక్కోవచ్చు.

జవాబు: టంకం కడ్డీ

హన్మకొండ వారి మాటతో నాకు పేచీ లేదు, పేచీ అంతా పెట్టె మీద ముద్రించే అంకెతోనే. ఆ చిప్ తయారీదారు ఇచ్చిన పత్రంలో 50 వాట్లు అన్నది 21 వోల్టుల సరఫరాతో, 4 ఓమ్‌ల వద్ద, 10 శాతం వక్రీకరణతో కొలిచినది. 10 శాతం వక్రీకరణంటే గాయకుడి గొంతు బొంగురు పోయినట్టు ఎవరికైనా తెలిసిపోతుంది. అదే పెట్టెను 12 వోల్టుల అడాప్టరుతో నడిపితే మీ 6 ఓమ్‌ల స్పీకరుకు శుభ్రంగా అందేది 12 వాట్ల లోపే, 19 వోల్టుల లాప్‌టాప్ అడాప్టరుతో పాతిక, 24 వోల్టులతో నలభై దగ్గర. కాబట్టి చిప్ యాంప్లిఫయర్ కొనేవారు ముందు అడగాల్సింది అడాప్టర్ ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని. కోఠి గుజరాతీ గల్లీలో పదుల ఏళ్లు రాజ్యమేలిన 4440 ఐసీ యాంప్లిఫయర్ బోర్డుదీ ఇదే కథ: ఐసీ ఇచ్చేది ఒక్కో వైపు 6 వాట్లు, డబ్బా మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) పేరుతో మాత్రం వందలు.

శక్తి చాలని యాంప్లిఫయర్ వాల్యూమును చివరిదాకా తిప్పితే తరంగాల తలలు తెగి, ఆ తెగిన అంచుల శక్తి ట్వీటరు (కీచు స్వరాలు పలికే చిన్న స్పీకరు) మీద పడుతుంది. పడకగదిలో ఆ అవసరం రాదు, పండగనాడు బంధువులతో నిండిన హాలులో వస్తుంది.

జవాబు: ఫ్రిస్కో తెలుగు

బావగారి చేత తెప్పించుకునే ఆలోచన గురించి చెబుతాను, ఎందుకంటే మా ఇంటికీ ఏటా ఇలాంటి కోరికలు వస్తుంటాయి. ఇక్కడ అమెరికాలో అమ్మే సాధారణ యాంప్లిఫయర్లలో చాలావాటి ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్ కోసం చుట్టినది. మన 230 వోల్టుల సాకెట్లో నేరుగా పెడితే ఫ్యూజు పోవడం అదృష్టమనుకోవాలి. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకున్నా, 50 హెర్ట్‌జ్ మీద కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. ఆ ఇనుప దిమ్మె బరువుకూ ఖర్చుకూ తోడు, చెడిపోతే వారంటీ కోసం మళ్లీ విమానం ఎక్కించాలి. వెనుక పలక మీద 100-240 వోల్టులు అని స్పష్టంగా ఉన్న అడాప్టరు రకాలైతే నిశ్చింతగా తెప్పించుకోండి. డెనాన్, యమహాలను మాత్రం ఇండియాలోనే కొనుక్కోవడం మేలు.

ప్రశ్న అడిగినవారు: సికింద్రాబాద్ శ్రోత

అందరికీ కృతజ్ఞతలు. కార్ట్‌రిడ్జి మూవింగ్ మాగ్నెట్ రకమే అని దాని మీది నంబరుతో నిర్ధారించుకున్నాను. టీవీకి ఆప్టికల్, ఫోనుకు బ్లూటూత్, ప్లేయరుకు ఫోనో, మూడూ ఒకే పెట్టెలో ఉన్నందున డెనాన్ వైపే మొగ్గుతున్నాను. కొత్తది నా హద్దు దాటితే, వాడినది వెదుకుతాను. రెండు సందేహాలు మిగిలాయి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద నడపవచ్చా? స్పీకరు వైర్లకు ఎంత ఖర్చు పెట్టాలి?

జవాబు: టంకం కడ్డీ

ఇన్వర్టరు ప్యూర్ సైన్ వేవ్ రకమైతే నడపవచ్చు. స్క్వేర్ వేవ్ రకమైతే ట్రాన్స్‌ఫార్మర్ బుర్రుమంటుంది, ఆ రొద స్పీకర్లలోకి కూడా రావచ్చు. అప్పుడు ఆపేయడమే మంచిది. టీవీని ఆప్టికల్‌తో కలిపాక దాని సెట్టింగులలో ధ్వనిని పీసీఎంకు (కుదించని మామూలు డిజిటల్ ధ్వనికి) మార్చండి, డాల్బీలో వదిలేస్తే స్టీరియో యాంప్లిఫయర్ మూగగా కూర్చుంటుంది.

వైరుకు వేలు పోయనక్కర్లేదు. ఇళ్ల వైరింగుకు వాడే మంచి రాగి తీగ, 1.5 చదరపు మిల్లీమీటర్లది, ఒక్కో స్పీకరుకు 5 మీటర్లు లాగినా రాకపోకల మొత్తం నిరోధం 0.12 ఓమ్ ప్రాంతంలోనే ఉంటుంది. 6 ఓమ్‌ల స్పీకరు ముందు అది లెక్కలోకి రాదు. శ్రద్ధ పెట్టాల్సింది ఎరుపు టెర్మినలుకు ఎరుపు, నలుపుకు నలుపు కలపడం మీద. ఒక స్పీకరు తిరగబడితే బాస్ పలచబడి, గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా పోతుంది. దీన్ని పట్టుకోవడానికి మీ దగ్గరున్న సరుకే పనికొస్తుంది: ఘంటసాల గారి పాతకాలం పాటలు చాలావరకు మోనో రికార్డింగులు. అలాంటిదొకటి పెట్టి, రెండు స్పీకర్లకు సమదూరంలో కూర్చోండి. గొంతు సరిగ్గా మధ్యలో నిలబడకపోతే ఏదో ఒక స్పీకరు వెనుక రెండు వైర్లనూ తారుమారు చేసి, మళ్లీ వినండి.