30 గ్రాములే తూగిన 2016 పాండా నకిలీదా?

అమలాపురం నుంచి:
చైనా పాండా నాణేలంటే నాకు ప్రాణం. ఏటా బొమ్మ మార్చే ఆ సంప్రదాయమే నన్ను కట్టిపడేసింది (2001, 2002 మాత్రం ఒకటే బొమ్మ). రాజమహేంద్రవరంలో ఒక పెద్దాయన 2016 వెండి పాండా అమ్ముతానంటున్నారు. కంసాలి త్రాసులో 30 గ్రాములే వచ్చింది. వెండి, బంగారం తూచే ఔన్సంటే 31.1 గ్రాములు కదా? తీసుకోవచ్చా?

కాకినాడ నుంచి:
బరువు చూసి మాత్రం వదులుకోకండి! 2016 నుంచి ఔన్సు మానేసి గ్రాముల్లో ముద్రిస్తున్నారు. వెండి పాండా 30 గ్రాములే. ఆ ఏడాది నాణెం 31.1 తూగితేనే అనుమానించాలి. భూతద్దంతో రెండోవైపున్న బీజింగ్ స్వర్గాలయం చూడండి. చూరు గీతలు, మెట్ల అంచులు విడివిడిగా తేరి కనిపించాలి. నకిలీలో ముద్దగా కలిసిపోతాయి.

భీమవరం నుంచి:
వెండి అయస్కాంతానికి అంటుకోదు. రాగి, ఇత్తడి కూడా అంటుకోవు కాబట్టి అదొక్కటే చాలదు. త్రాసు మీద నీళ్ళ గిన్నె పెట్టి, నాణేన్ని దారంతో అడుగు తగలకుండా ముంచండి. బరువు సుమారు 2.86 గ్రాములు పెరిగితే వెండి సాంద్రత సరిపోయినట్టే. తర్వాత మెత్తని గుడ్డతో అద్దండి, రుద్దితే మెరుపు పోతుంది. ఇంకొకటి, పాండా మీద 10 యువాన్ల ముఖవిలువ ఉంటుంది. అది లేకపోతే మీకు చూపిస్తున్నది పతకం కావచ్చు.

అమలాపురం నుంచి:
ముఖవిలువ ఉందండీ, చూశాను. నీళ్ళలో ముంచడానికి పెద్దాయన ఒప్పుకుంటే ఆదివారమే తూస్తాను.