కాలు పొట్టిగా ఉందన్నాను, ఆ అమ్మాయి రావడం మానేసింది. ఫిగర్ డ్రాయింగ్ చూసి మీరెలా చెప్తారు?

బొగ్గుచేతులు, విజయనగరం

మేం తొమ్మిది మందిమి ఆదివారం పొద్దున్న కోట దగ్గర ఒకరింటి డాబా మీద చేరి బొమ్మలు గీస్తాం. పక్కింటి తాతగారు పంచెకట్టుతో ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడతారు. మూడు వారాల కిందట కొత్తగా చేరిన అమ్మాయి చార్‌కోల్‌తో, అంటే బొగ్గుతో, గీసిన బొమ్మ తెచ్చి "ఎలా ఉందండీ?" అని అడిగింది. అందులో తాతగారి ముఖం అచ్చం ఆయనలాగే వచ్చింది. నేను మాత్రం అందరి ముందూ "కాలు పొట్టిగా ఉందమ్మా" అనేశాను. తలూపి, అక్కడే కూర్చుని కాలు చెరిపి గీసింది, మళ్ళీ చెరిపింది. ఆ తర్వాత రెండు ఆదివారాలు రాలేదు. నేనన్న మాట తప్పు కాదనే అనుకుంటున్నా, కానీ మనసు ఊరుకోవడం లేదు. మీరైతే ఏం చెప్పేవారు?

డ్రాయింగ్ మాస్టారు, నరసన్నపేట

తమ్ముడూ, ఎలా చెప్పావన్నది తర్వాత. నువ్వు చెప్పింది సరైందేనా? తాతగారు ఒక కాలి మీద బరువు వేసి నిలబడ్డారా? అలా నిలబడితే ఆ కాలివైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. తుంటిని తిన్నగా అడ్డంగా గీసేస్తే బరువు మోసే కాలు పొట్టిదైపోతుంది. పైగా పంచె! కుచ్చెళ్ళ వెనక తుంటి ఎక్కడుందో ఊహించుకోవాల్సిందే. అప్పుడు కాలు ఎన్నిసార్లు చెరిపినా కుదరదు. జబ్బొకటి, మందొకటి.

నేను పిల్లల చేతికి తాళంచెవి కట్టిన దారం ఇస్తాను. మనిషి గొంతు గుంట దగ్గర దారం ఉండేలా కంటి ముందు పట్టుకుంటే, బరువంతా ఒక కాలి మీదే ఉన్నప్పుడు తాళంచెవి ఆ కాలి మడమ దగ్గరికి దిగుతుంది. అదే దారాన్ని బొమ్మ ముందు వేలాడదీయమంటాను. తేడా వాళ్ళే పట్టుకుంటారు, నేను నోరు విప్పక్కర్లేదు.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం

నేను ఆ అమ్మాయి వైపు నుంచి చెప్తానండీ. ఇంటర్ చదివేటప్పుడు ఒక శిబిరంలో ఒకాయన నా చేతిలో బొగ్గు లాక్కుని, నా బొమ్మ మీదే ముక్కు దిద్దేశారు. బాగా దిద్దారు, కాదనను. కానీ ఆ కాగితంలో ఆ ముక్కు ఇప్పటికీ ఆయనదే. ఇంటికెళ్ళి దాన్ని చూడబుద్ధి కాలేదు. దయచేసి ఎవరి కాగితం మీదా చెయ్యి పెట్టకండి. చూపించాలనుంటే పైన ట్రేసింగ్ పేపర్ వేసి గీయండి, చాలు.

ఇంకోటి. "వపా గారు పుట్టిన ఊరమ్మా మనది" అని మొదలుపెడతారు కొందరు, చిత్రకారుడు వడ్డాది పాపయ్య గారి గురించి. ఆయన 1921లో ఇక్కడ పుట్టినందుకు మాకూ గర్వమే. నెల రోజుల కిందట బొగ్గు పట్టిన పిల్ల పక్కన ఆ పేరు పెడితే ఆ పిల్లకి టెన్షన్ తప్ప ఏం మిగులుతుంది?

పనసచెక్క, బొబ్బిలి

చెల్లెమ్మ బాధ అర్థమైంది. కానీ "సూపర్" అని వదిలేయడమూ అన్యాయమే. నేను గొల్లపల్లిలో వీణలు చెక్కేవాళ్ళ మధ్య పెరిగాను. పనస దుంగ తొలిచేటప్పుడు పెద్దాయన "తప్పు" అనడం నేను వినలేదు. "ఇక్కడ వేలెట్టి సూడు" అనేవారు. వేలు పెడితే చెక్క ఎక్కడ మందంగా ఉందో తెలిసిపోయేది. బొమ్మకీ అంతే, ఒక్క చోటు చూపించాలి. ఒకేసారి పది చెప్తే ఒక్కటీ తలకెక్కదు.

చార్‌కోల్‌లో ఎప్పుడు చెప్పామన్నది కూడా చాలా ముఖ్యం. విల్లో బొగ్గుతో, అంటే విల్లో చెట్టు పుల్లల్ని కాల్చి చేసే మెత్తటి బొగ్గుతో, గీస్తున్నంతసేపూ కొలతల మాట చెప్పొచ్చు, గుడ్డతో దులిపితే పోతుంది. బొగ్గుపొడిని గట్టిగా అదిమి చేసే కంప్రెస్డ్ చార్‌కోల్‌తో నల్లగా నొక్కాక "చెయ్యి పొడుగైంది" అంటే పాపం ఏం చేస్తారు? అది పూర్తిగా చెరగదు. అప్పుడిక టోన్ గురించే, అంటే వెలుగునీడల గురించే మాట్లాడాలి. వేలితో రుద్ది రుద్ది బొమ్మంతా బూడిదరంగు చేసినవాళ్ళతో "మురికిగా ఉంది" అనకండి. "కళ్ళు సగం మూసి తాతగారిని చూడు, అన్నిటికంటే తెల్లగా ఎక్కడుంది? నీ కాగితంలో అక్కడ తెలుపు మిగిలిందా?" అని అడగండి. నీడెడ్ ఎరేజర్, అదే పిండిలా పిసికి వాడే మెత్తటి రబ్బరు, దానంతటదే చేతిలోకి వస్తుంది.

నేలబల్ల, రాజాం

ఒక్క ప్రశ్న. మీరు డాబా మీద ప్యాడ్ ఎలా పెట్టుకుంటారు? ఒళ్ళోనా, నేల మీదా? పడుకోబెట్టిన కాగితంలో పైభాగం కంటికి దూరంగా ఉండి కుదించినట్టు కనిపిస్తుంది. దాన్ని సరిచేస్తున్నామనుకుని తలా భుజాలూ సాగదీసేస్తాం. నిలబెట్టి చూస్తే తల పెద్దది, కాళ్ళు పొట్టివి! నాకు రెండేళ్ళు ఇదే జరిగింది. అందరూ కాళ్ళే తప్పన్నారు. ఫోన్‌లో పైనుంచి వంచి తీసిన ఫోటో చూసి వాట్సాప్‌లో కొలతలు తేల్చడమూ ఇలాంటిదే. ఫోన్ కాగితానికి ఎదురుగా తిన్నగా ఉండాలి.

బొగ్గుచేతులు, విజయనగరం

నిన్న ఆ అమ్మాయికి ఫోన్ చేసి క్షమించమన్నాను. బొమ్మ దాచే ఉంచిందట. కాలి దగ్గర చెరిపి చెరిపి కాగితం నున్నబడిపోయి బొగ్గు పట్టడం లేదట, నాలుగుసార్లు ప్రయత్నించిందట. వాళ్ళమ్మగారు రమ్మంటే సాయంత్రం వెళ్ళాను. బొమ్మని కుర్చీకి ఆనించి పది అడుగులు వెనక్కి వచ్చి ఇద్దరం చూశాం. నేనేం అనకుండా "నీకెక్కడ అనుమానంగా ఉంది?" అని మాత్రం అడిగాను. కాసేపు చూసి "తల పెద్దదైందండీ" అంది. పెన్సిల్‌తో కొలిచాం. తల పొడవుతో కొలిస్తే తాతగారు ఏడు తలల పైచిలుకు ఎత్తుంటారు, బొమ్మలో మనిషి ఆరు కూడా లేడు. రాజాం అన్నయ్య చెప్పిందే, మేమంతా ప్యాడ్ ఒళ్ళో పడుకోబెట్టే గీస్తున్నాం. తుంటి కూడా తిన్నగానే గీసింది మాస్టారూ, దారం వేలాడదీస్తే తేలింది. కాలు పొట్టిగా కనిపించిన మాట నిజమే, తప్పు మాత్రం కాలిది కాదు. ఆ మాట వాళ్ళమ్మగారి ముందే ఆ అమ్మాయికి చెప్పాను.

డ్రాయింగ్ మాస్టారు, నరసన్నపేట

మంచి పని చేశావు. వీలైతే మీ తొమ్మిది మందీ ఒకసారి శ్రీకూర్మం రండి. గుడి ప్రదక్షిణ మండపం గోడల మీద బొమ్మలున్నాయి కదా, మా బడి పిల్లల్ని వాటి ముందు నిలబెట్టి "ఈ మనిషి బరువు ఎటుంది? నీ కన్ను ముందు ఎక్కడికి పోయింది?" అని అడుగుతాను. గీసినవాళ్ళు ఎదురుగా ఉండరు కాబట్టి ఎవరినైనా నొప్పిస్తామన్న భయం ఉండదు. నోరు తిరిగాక పక్కవాడి బొమ్మ గురించి మాట్లాడటం తేలికవుతుంది.

బొగ్గుచేతులు, విజయనగరం

తప్పకుండా వస్తాం మాస్టారూ. ఈ ఆదివారానికి తొమ్మిది పాత కుర్చీలు పోగేశాం, ప్యాడ్లు ఆనించుకోవడానికి. ఆ అమ్మాయి వస్తానంది. తాతగారు ఈసారి చేతికర్ర పట్టుకుని నిలబడతారట.