పావుకిలో బంగారం దేశం దాటడానికి ఇంత ఖర్చా?

తూనికరాయి:
వేరే దేశంలో ఒక ప్రైవేటు వాల్టులో, అంటే విలువైనవి దాచే భద్రతా గదిలో, నా చిన్న బంగారం కడ్డీలు ఉన్నాయి. అన్నీ కలిపితే పావుకిలో. ఇంటికి తెప్పించుకుందామని కొటేషన్ అడిగాను. వాల్టులోంచి తీసే ఫీజు, ప్యాకింగ్, సాయుధ రవాణాకు మినిమం ఛార్జీ, విలువలో ఇంత శాతమని ఇన్సూరెన్స్, కస్టమ్స్ ఏజెంటు ఫీజు. డ్యూటీ మళ్లీ వేరే. పావుకిలో పుస్తకం పంపితే ఎంతవుతుందో అందరికీ తెలుసు. బంగారమైతే విమానం ఎక్కువ ఇంధనం తాగుతుందా? దీన్ని దోపిడీ అనక ఏమనాలి?

మధ్యలోనేను:
పోస్టులో పంపించేయమనండి. పని అయిపోతుంది.

సరుకుమనిషి:
పోస్టు సలహా దయచేసి ఎవరూ పాటించకండి. అంతర్జాతీయ పోస్టల్ ఒప్పందం ప్రకారం బంగారం, వెండి, నాణేలు ఇన్సూర్డ్ పార్సెల్‌గా తప్ప మామూలుగా పంపకూడదు. ఆ సదుపాయం అన్ని దేశాల మధ్యా లేదు, ఉన్నచోట కూడా బీమాకు గరిష్ఠ పరిమితి ఉంటుంది. కొరియర్ కంపెనీల నిషేధిత జాబితాల్లోనూ కడ్డీల పేరు తరచూ కనిపిస్తుంది.

తూనికరాయి గారూ, నేను ఎయిర్ కార్గోలో పనిచేస్తాను. కిలోకు వెయ్యి డాలర్లు, ఆపైన విలువ ప్రకటించిన సరుకును విమాన సంస్థలు వేల్యుబుల్ కార్గో (విలువైన సరుకు) కింద లెక్కేస్తాయి. దానికి స్ట్రాంగ్ రూమ్ కావాలి, చేతులు మారిన ప్రతిచోటా సంతకం కావాలి, విమానం ఎక్కేదాకా మనిషి కాపలా ఉండాలి. రేటు మామూలు సరుకుకు రెట్టింపు వేయడం పాత రివాజు. ఇక్కడ బరువు అసలు విషయం కాదు. మీరు డబ్బు కట్టేది కాపలాకి.

తూనికరాయి:
కాపలా మాటకొస్తే జర్మనీ కేంద్ర బ్యాంకు బుండెస్‌బ్యాంక్ 2013 నుంచి 2017 దాకా న్యూయార్క్, పారిస్‌ల నుంచి 674 టన్నుల బంగారం ఫ్రాంక్‌ఫర్ట్‌కు తెచ్చుకుంది. మొత్తం ఖర్చు 77 లక్షల యూరోలు. భాగించి చూడండి, కిలోకు దాదాపు పదకొండున్నర యూరోలు. అప్పుడు కిలో బంగారం 35 వేల యూరోలకు అటూ ఇటూ ఉండేది. వాళ్ల బంగారానికి కాపలా అక్కర్లేదా? మరి నాకెందుకు శాతాల్లో?

సరుకుమనిషి:
అది 674 టన్నుల మీద పంచిన ఖర్చు. ఒక సాయుధ బండి, గార్డులు, ఒక కస్టమ్స్ ఫైలు. టన్నుకైనా అవే, పావుకిలోకైనా అవే. మినిమం ఛార్జీ పుట్టింది అందుకే.

తూనికరాయి:
మినిమం సంగతి అటుంచండి. నేను అడిగింది శాతం గురించి. జవాబు రాలేదు.

వెండిపిచ్చి:
పావుకిలో బంగారానికే ఇంత గొడవా? నాలాగా వెండి కొనుంటే తెలిసేది. అదే విలువకు పదుల రెట్ల బరువు. మాకు శాతమూ తగులుతుంది, బరువూ తగులుతుంది. పైగా ఐరోపా సమాఖ్యలో పెట్టుబడి బంగారానికి 2000 నుంచి వ్యాట్ మినహాయింపు ఉంది, వెండికి ఆ భాగ్యం లేదు. మా బాధ ఎవరికీ పట్టదు లెండి.

సరుకుమనిషి:
శాతం ఎందుకంటే, పోతే పోయేది విలువ కాబట్టి. విలువ ప్రకటించకపోతే మాంట్రియల్ కన్వెన్షన్ అనే అంతర్జాతీయ విమాన రవాణా ఒప్పందం కింద విమాన సంస్థ బాధ్యత కిలోకు ఇంత అని ఆగిపోతుంది. 2024 డిసెంబరు చివరి నుంచి అది 26 ఎస్‌డీఆర్‌లు. మీ పావుకిలోకు ఏడు కూడా రావు. ఎస్‌డీఆర్ అంటే ఐఎంఎఫ్ లెక్క యూనిట్, డాలరు కంటే కాస్త ఎక్కువ.

2023 ఏప్రిల్‌లో జ్యూరిక్ నుంచి టొరంటో వచ్చిన దాదాపు 400 కిలోల బంగారం అక్కడి కార్గో గోదాములోంచి మాయమైంది. రెండు కోట్ల కెనడా డాలర్లకు పైగా విలువ. దాన్ని పంపించే బాధ్యత తీసుకున్న భద్రతా రవాణా సంస్థ బ్రింక్స్ దావా వేస్తే, మోసుకొచ్చిన విమాన సంస్థ ఎయిర్ కెనడా ఏమని వాదించింది? వేబిల్లులో, అంటే సరుకు రవాణా పత్రంలో, విలువ ప్రకటించలేదు, కాబట్టి ఒప్పందం పరిమితే వర్తిస్తుందని. అప్పటి లెక్క 22 ఎస్‌డీఆర్‌లు. ఆ బంగారం మొత్తానికి తొమ్మిది వేల ఎస్‌డీఆర్‌లు కూడా కావు.

తూనికరాయి:
ఇన్సూరెన్స్ గొప్పలు నాకు చెప్పకండి. ఇంతకుముందు ఒక ప్యాకెట్ తెప్పించుకుంటే దారిలో పోయింది. బీమా ఉందన్నారు. క్లెయిము చేస్తే సొమ్ములో సగం కూడా చేతికి రాలేదు. మీలాంటి వాళ్లు ఆ వ్యాపారంలోనే ఉండి దాన్నే సమర్థిస్తుంటే ఇంక మాకు న్యాయం ఎక్కడ దొరుకుతుంది?

సరుకుమనిషి:
నా జీతానికీ మీ ప్యాకెట్‌కీ సంబంధం లేదు. ఒక్కటి అడుగుతాను. దాని విలువ ఎంతని రాశారు?

తూనికరాయి:
అది అమ్మినవాడు రాశాడు.

సరుకుమనిషి:
అడిగింది ఎవరు రాశారని కాదు. ఎంతని.

తూనికరాయి:
డ్యూటీ తగ్గుతుందని అందరూ చేసేదే అతనూ చేశాడు. మీ రంగంలో జరగనట్టు మాట్లాడకండి.

మధ్యలోనేను:
అయిపోయింది. కస్టమ్స్ వాళ్లకు సగం విలువ చెప్పి, బీమా వాళ్ల నుంచి పూర్తి విలువ కావాలంటే ఎవరిస్తారన్నా!

సరుకుమనిషి:
సరే, గతం వదిలేద్దాం. అసలు ఆ కడ్డీలను కదిలించడం దేనికి? అక్కడే అమ్మేయండి, డబ్బు తెచ్చుకుని ఇక్కడ కొనుక్కోండి. కొనుగోలు ధరకీ అమ్మకం ధరకీ మధ్య తేడా, బ్యాంకు ఛార్జీ, లాభం వస్తే దాని మీద పన్ను. అన్నీ కలిపినా మీ కొటేషన్ కంటే తగ్గొచ్చు, లెక్క వేసుకోండి. బంగారం బంగారమే. మీరు చెప్పిన బుండెస్‌బ్యాంకే న్యూయార్క్ కడ్డీల్లో 55 టన్నులు కరిగించి, కొత్తగా పోయించి తెచ్చుకుంది. పాత కడ్డీలే కావాలని పట్టుబట్టలేదు.

తూనికరాయి:
మరి అక్కడ అమ్మేసి ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొనుక్కోలేదేం? మీ లెక్కే సరైనదైతే వాళ్లకా 77 లక్షలు కూడా దండగే. తెచ్చుకున్నారు, ఎందుకంటే లోహం తమ తలుపు వెనక ఉండాలి. నాదీ అదే బాధ. నేను వాల్టు కంపెనీ పంపే స్టేట్‌మెంట్ కొనలేదు, లోహం కొన్నాను. అమ్మేసి డబ్బు తెచ్చుకోమంటే ఆ మధ్యలో నేను మళ్లీ ఎవరో ఒకరి మాట మీదే ఆధారపడాలి. దాన్ని తప్పించుకోవడానికే కదా బంగారం కొన్నది! 2020 మార్చిలో విమానాలు ఆగిపోతే న్యూయార్క్ ఫ్యూచర్స్ ధర, అంటే ముందు తేదీకి ఇప్పుడే కుదుర్చుకునే ధర, లండన్ ధరకు ఔన్సుకు పదుల డాలర్లు దూరం జరిగింది. ఎక్కడున్నా ఒకటేనన్నవాళ్లు ఆ వారం ఎక్కడున్నారు?

సరుకుమనిషి:
ఇది ముందే చెబితే ఇంత దూరం వచ్చేది కాదు. మీకు ఛార్జీ ఎక్కువనిపించడం కాదు, సొంత సొత్తు చేతికి రావడానికి డబ్బు కట్టడమే నచ్చలేదు. నేనేమో దాన్ని ధరగానే చూస్తాను. 2020 ఉదాహరణ కూడా నా వైపే మాట్లాడుతుంది: చోటు మార్చడానికి ఒక ధర ఉంది, ఆ వారం అది పెరిగింది. అంతే.

వెండిపిచ్చి:
మరి వెండి సంగతి?

పాతనాణెం:
ఒక మాట. నమ్మకమైన వాల్టుల మధ్యే చేతులు మారే గొలుసులోంచి బయటపడిన కడ్డీని తర్వాత అమ్మబోతే, మళ్లీ స్వచ్ఛత పరీక్ష చేయించమంటారు. లోపల ఉన్నంతకాలం ఆ తంటా లేదు. తెప్పించుకునేముందు అదీ లెక్కలో వేసుకోండి తూనికరాయి గారూ.

తూనికరాయి:
ఆ పరీక్ష ఖర్చు ఎవరిది? అదీ విలువలో శాతమేనా?

పాతనాణెం:
మీదే. కాకపోతే మామూలుగా కడ్డీకి ఇంత అని తీసుకుంటారు.

తూనికరాయి:
చూశారా సరుకుమనిషి గారూ, శాతం లేకుండా కూడా ఫీజు వేయొచ్చు!